గురువారం

మూడో తరగతి పిల్లల కుర్చీల్లో
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం
పదకొండు మందిమి.
బల్లకి అటు బోర్డు, ఇటు మేము,
మధ్యలో ఎవరో తెచ్చిన
అక్రోట్లు చుట్టిన తీపిరొట్టె.
ముందు తాకినవాళ్ళు మెత్తబడ్డట్టే లెక్క అన్నట్టు
ఎవరూ తాకలేదు.

ఇనుము తవ్వి తవ్వి అలిసిపోయిన ఊరు,
మిన్నెసోటాకి ఉత్తరపు కొస.
బయట మైనస్ ఇరవై ఆరు.
లైబ్రరీ కిటికీకి పిల్లలంటించిన కాగితపు మంచుపూలు,
వాటి వెనక అసలు మంచు.

నా పని రాయడం.
ఎవరేమన్నారో, ఎన్నింటికన్నారో.
చేరి రెండేళ్ళే, చేతిరాత బాగుంటుందని
మార్లిస్ కాంగస్ పిలుచుకొచ్చింది.
ముప్ఫై నాలుగేళ్ళుగా కెమిస్ట్రీ చెప్పే మనిషి
అంకెల్ని కూడా వేడిచేసి చూస్తుంది,
ఏది ఆవిరవుతుందో, ఏది అడుగున మిగులుతుందో.

బోర్డుకి పెద్ద డారెల్ ప్రెబిచ్. టైర్ల కొట్టు ఆయనది.
ఒకప్పుడు ఆమె దగ్గరే రెండుసార్లు తప్పాడట.
"మిసెస్ కాంగస్" అనబోయి నాలిక్కరుచుకుని
"యూనియన్ పక్షం" అంటాడు.
ఆమె కూడా డారెల్ అనదు, బోర్డు అంటుంది.

రెండుంబావు, అన్నారు వాళ్ళు.
మూడు, అన్నాం.
సంతలో బేరమైతే ఎవరో ఒకరు లేచి
వెనక్కి పిలుస్తారని నాలుగడుగులు వేస్తారు.
మేమూ వేశాం,
మేము కిండర్‌గార్టెన్ గదిలోకి, వాళ్ళు జిమ్‌లోకి.
గోడకవతల ఎవరో బంతిని నేలకేసి కొడుతున్న చప్పుడు
గంటసేపు.
పిలవలేదు ఎవరూ.

ఇన్సూరెన్సు. తరగతికి ముప్ఫై ఒక్కరు.
తిండికి మాకు మిగిలే ఇరవై రెండు నిమిషాలు.
పద్నాలుగో క్లాజులో "చేయవచ్చు"నా, "చేయవలెను"నా,
ఆ ఒక్క తోకకి నలభై నిమిషాలు.

అర్ధరాత్రి దాటాక బాయిలర్ ఆగింది.
తాళాలు వేసే రేనో గుమ్మంలో నిలబడి
"ఇంకా ఎంతసేపు?" అన్నాడు.
అతని యూనియన్ వేరు. అక్టోబరులోనే
సున్నాకి సంతకం పెట్టేసింది.
అది నేను రాయలేదు. రాయమని ఎవరూ అనలేదు.

ఒంటిగంటా పదికి డారెల్ ఒక కాగితం తోశాడు.
మూడు. మేమడిగిన మూడే.
కింద, సన్నటి అక్షరాల్లో:
నర్సు వారానికి నాలుగు రోజులు. గురువారం ఉండదు.

నా తరగతిలో ఐవర్ అని ఒకడున్నాడు.
రోజూ పదకొండుంబావుకి చొక్కా పైకెత్తి పొట్ట చూపిస్తాడు.
సూది దిగేటప్పుడు నర్సుని చూడడు,
గోడమీది గడియారాన్ని చూస్తాడు.
ఆ మాట చెప్పాలని నోరు తెరిచాను.
రాసేవాళ్ళకి మాట లేదు, మొదటిరోజే పెట్టుకున్న నియమం.
పైగా నా అద్దె బాకీ రెండు నెలలు.
ఏది ముందు గుర్తొచ్చిందో
ఇప్పుడు చెప్పలేను.

మార్లిస్ కళ్ళజోడు తీసి తుడిచింది,
తుడిచిందే తుడిచింది.
"గురువారమే ఎందుకు?"
"ఏదో ఒకరోజు కదా" అన్నాడు డారెల్
రొట్టె వైపు చూస్తూ.
అతని చిన్నకూతురికి ఉబ్బసమని ఊరందరికీ తెలుసు.

సంతకాలయ్యాయి. అప్పుడు తిన్నారు రొట్టె,
అంచులు ఎండిపోయాక. రేనోకీ ఒక ముక్క.
"చదువు" అంది మార్లిస్.
నా మంచి చేతిరాతలోంచి గడగడా చదివాను.
గురువారం దగ్గర గొంతు ఆగలేదు.
కాస్త ఆగినా బాగుండేది.

ఇవాళ బుధవారం.
బడి వదిలాక నర్సు గదిలో
నారింజపండొకటి ముందు పెట్టుకుని
సూది ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటున్నాను.
తొక్కలోకి తేలిగ్గానే దిగుతోంది.

"పండు కదలదు" అంటోంది నర్సు,
కోటు వేసుకుంటూ.